కొలిచి వదిలేసే రక్తపోటు

మే నెల 17వ తేదీని ప్రపంచ అధిక రక్తపోటు దినంగా పాటిస్తారు. ఆ ఒక్క రోజే కాదు. నాయకుని జన్మదినానికి, దాతగారి తండ్రి వర్ధంతికి, కాలనీ సంక్షేమ సంఘం వార్షికోత్సవానికి, కొత్త మందుల దుకాణం ప్రారంభానికి, ఏ సందర్భం వచ్చినా మన ఊళ్లలో వెలిసేది ఒకటే: ఉచిత రక్తపోటు పరీక్షా శిబిరం. ఒక షామియానా, రెండు బల్లలు, నర్సింగ్ కళాశాల నుండి రప్పించిన నలుగురు విద్యార్థినులు, వెనుక ఒక నిలువెత్తు ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ మీద ఉన్న ముఖాల సంఖ్యను, బల్ల మీద ఉన్న రక్తపోటు యంత్రాల సంఖ్యతో ఎప్పుడైనా పోల్చి చూశారా? తీరిక ఉన్నప్పుడు ఒకసారి లెక్కించండి.

ఈ శిబిరాల మీద నా అభియోగం సూటిగా చెబుతాను. వీటిలో అత్యధిక భాగం రక్తపోటును కొలుస్తున్నాయి, తగ్గించడం లేదు. కొలిచిన తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో తెలుసుకునే ఏర్పాటు లేని శిబిరం వైద్యసేవ కాదు, ఉత్సవం. ఉత్సవాలతో నాకు పేచీ లేదు. వాటికి వైద్యం అన్న పేరు పెట్టి, ఆ పేరు మీద చందాలు వసూలు చేసి, మరునాటి పత్రికలో 'అయిదు వందల మందికి ఉచిత వైద్య పరీక్షలు' అని వేయించుకోవడంతోనే పేచీ.

అధిక రక్తపోటు ఎంత ప్రమాదకరమో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. అయినా రెండు సంగతులు గుర్తు చేస్తాను. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04 ప్రాంతంలో సంభవించిన మరణాలకు కారణాలేమిటో పరిశోధకులు ఇంటింటికీ తిరిగి విచారించారు. అంటువ్యాధులే పల్లెలను కబళిస్తున్నాయని అప్పటికింకా చాలామంది నమ్మకం. తేలింది వేరు. మరణాలలో దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవే. పక్షవాతం, గుండెపోటు పట్నవాసపు జబ్బులు కావని, వరి పండించే చేతులను కూడా అవి పడవేస్తున్నాయని ఇరవై ఏళ్ల క్రితమే మన నేల మీదనే రుజువైంది. రెండవది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక. అధిక రక్తపోటు ఉన్న వయోజనులు ప్రపంచంలో సుమారు 130 కోట్లు. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. రక్తపోటు అదుపులో ఉన్నది అయిదుగురిలో ఒక్కరికి మాత్రమే.

ఆ అంకెలను కాస్త నిదానంగా చదవండి. సగం మందికి తెలియదన్నారు కదా, అయితే మిగిలిన సగం మందికి తెలుసు. తెలిసినవారు సగం, అదుపులో ఉన్నవారు అయిదవ వంతు. మధ్యలో జారిపోయినవారి సంగతేమిటి? వారికి జబ్బు ఉందని ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు చెప్పారు. చెప్పి వదిలేశారు. మన శిబిరాలు చేస్తున్నది సరిగ్గా ఇదే.

కొలవడం వేరు, కాపాడడం వేరు అనడానికి చరిత్రలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ రక్తపోటు 1944 మార్చిలో 186/108 ఉన్నట్లు హృద్రోగ నిపుణుడు హోవార్డ్ బ్రూయెన్ నమోదు చేశాడు. ఆనాటి నుండి ఆయన రక్తపోటును కొలుస్తూనే ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. 1945 ఏప్రిల్ 12న భరించలేని తలనొప్పి అంటూ ఆయన కుప్పకూలాడు. అప్పుడు కొలిస్తే పై అంకె 300 దాటింది. మెదడులో రక్తస్రావంతో ఆ మధ్యాహ్నమే మరణించాడు. ప్రపంచంలో అంత శక్తిమంతుడైన మనిషికి కొలిచేవారికి కొదవ లేదు, తగ్గించే మందు మాత్రం లేదు. నాటి వైద్యశాస్త్రం దగ్గర నిజంగానే లేదు.

మనకు ఆ సాకు లేదు. ఎడ్వర్డ్ ఫ్రైస్ బృందం అమెరికా మాజీ సైనికుల మీద జరిపి 1967లోను, 1970లోను ప్రకటించిన పరీక్షలు మాత్రలతో రక్తపోటును తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని తేల్చాయి. వృద్ధులకు పై అంకె ఒక్కటే పెరిగితే అది వయసు లక్షణమేనని సరిపెట్టుకునే రోజులలో, 1991లో వెలువడిన మరొక పరీక్ష అరవై దాటినవారిలో ఆ పై అంకెను తగ్గిస్తే పక్షవాతం 36 శాతం తగ్గుతుందని చూపింది. 2008 నాటికి ఎనభై దాటినవారికి కూడా మేలు కలుగుతుందని తెలిసింది. పోనీ, ఖరీదా? జనఔషధి దుకాణంలో ఈ మాత్రలలో సాధారణమైనవి ఒకటి రెండు రూపాయలకు దొరుకుతాయి. ఒక టీ ఖరీదులో అయిదారు రోజులు గడుస్తాయి.

మందు ఉంది, చవకగా ఉంది, పనిచేస్తుందని అర్ధశతాబ్దం క్రితమే రుజువైంది. అయినా మనం ఇంకా కొలిచి చేతికి చీటీ ఇచ్చి పంపిస్తున్నాం.

పోనీ, ఆ కొలవడమైనా సవ్యంగా జరుగుతున్నదా? ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడుకుందాం. శిబిరాల నిర్వాహకులు ఎవరూ ఈ విషయం పట్టించుకోరు. మీరైనా తెలుసుకొని ఉండాలి.

రక్తపోటును కొలిచే ముందు మనిషి అయిదు నిమిషాలు మౌనంగా కూర్చొని ఉండాలి. వీపుకు ఆనుకోలు ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోరాదు. చేయి గుండె ఎత్తులో ఒక బల్ల మీద ఆని ఉండాలి. అంతకు ముందు అరగంటలో కాఫీ, టీ, చుట్ట, సిగరెట్ ఏదీ ముట్టి ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. చేతికి చుట్టే కఫ్ చేయి లావుకు తగినది కావాలి, దానిని చొక్కా చేతి మీద కాక ఒంటి మీదనే చుట్టాలి. ఒకసారి కొలిచి, నిమిషం ఆగి, మళ్లీ కొలవాలి. కొలిచేటప్పుడు ఇద్దరిలో ఎవరూ మాట్లాడరాదు.

ఇక శిబిరం చూద్దాం. మీరు ఉదయపు నడక ముగించుకొని, చెమటతో, నిర్వాహకులు ఇచ్చిన కాఫీ తాగి, వరుసలో నిలబడి వస్తారు. ఆనుకోలు లేని స్టూలు మీద కూర్చోబెడతారు. చొక్కా చేతిని పైకి లాగితే అదే ఒక తాడులా బిగుసుకుంటుంది. చేయి గాలిలో వేలాడుతూ ఉంటుంది. కఫ్‌లో గాలి నింపుతూనే ఆ అమ్మాయి "మీ పేరేంటి అంకుల్, వయసెంత, ఫోన్ నంబరు చెప్పండి" అని అడుగుతుంది, మీరు చెబుతారు. మాట్లాడడం ఒక్కటే పై అంకెను పది వరకు పెంచగలదు. వేలాడే చేయి మరికొంత పెంచుతుంది. లావుపాటి చేతికి చిన్న కఫ్ చుడితే ఇంకొంత. అటు వేదిక మీద మైకులో ముఖ్య అతిథి ప్రసంగం సాగుతూ ఉంటుంది. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ వివరించిన ఆ సన్నని చప్పుడు స్టెతస్కోపులో నిశ్శబ్దంగా వినవలసినది. మైకు హోరులో తొలి చప్పుడు వినబడకపోతే పై అంకె తక్కువగా నమోదవుతుంది. ఆ విధంగా ఒకే శిబిరంలో లేని జబ్బు అంటగట్టడమూ, ఉన్న జబ్బును దాచిపెట్టడమూ రెండూ జరుగుతాయి.

నమ్మకం కుదరకపోతే శిబిరపు రిజిస్టరు తెరిచి చూడండి. 120/80, 130/80, 120/80, 140/90, 110/70. అన్నీ సున్నలే. పాదరసం స్కేలు మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి. నిజాయితీగా చదివితే చివరి అంకె సున్న రావడం అయిదింట ఒకసారే జరగాలి. పేజీ అంతా సున్నలే ఉంటే అది కొలత కాదు, అంచనా. ఆ పిల్లలను నేను నిందించను. రెండు గంటలలో రెండు వందల మందిని చూడమంటే ఎవరైనా అలాగే చేస్తారు. డిజిటల్ యంత్రాలు ఈ ఒక్క దోషాన్ని తప్పిస్తాయి. తక్కినవన్నీ అలాగే ఉంటాయి.

తప్పుడు అంకెల వల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరని మీ ఊహ? లేని జబ్బు ఉన్నదని భయపడినవారు కాదు. వారు ఏదో ఒక వైద్యుని దగ్గరకు వెళతారు, ఆయన మళ్లీ కొలుస్తాడు, అక్కడితో తేలిపోతుంది. నష్టపోయేది 'నార్మల్' అనిపించుకున్నవారు. అందులోనూ ఒక వర్గం నన్ను మరింత కలవరపెడుతుంది. నాలుగేళ్లుగా మాత్ర వేసుకుంటూ, దానివల్లనే 128/78 ఉన్న పెద్దాయన శిబిరానికి వస్తాడు. మాత్ర వేసుకుంటున్నారా అని ఎవరూ అడగరు. "మీకు బీపీ లేదు తాతగారూ" అంటారు. ఆయన ఆనందంగా ఇంటికి వెళ్లి మాత్రలు ఆపేస్తాడు. ఉచితంగా దొరికిన ఆ రెండు మాటల ఖరీదు ఆ కుటుంబానికి కొన్ని నెలల తర్వాత తెలిసివస్తుంది.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన రోజులలో ఒక తాపీమేస్త్రిని ఎడమ పక్కంతా పడిపోయిన స్థితిలో తీసుకువచ్చారు. వయసు యాభై లోపే. ఆయన చొక్కా జేబులో ప్లాస్టిక్ సంచిలో జాగ్రత్తగా మడిచిపెట్టిన చీటీలు దొరికాయి. వేర్వేరు శిబిరాలవి, మొత్తం ఆరు. ఒక్కదానిలోనూ పై అంకె 160కి తక్కువ లేదు. రెండింటి మీద 'వైద్యుని సంప్రదించండి' అన్న రబ్బరు ముద్ర ఉంది. ఏ వైద్యుని, ఎక్కడ, ఎప్పుడు అన్నది లేదు. "ప్రతిసారీ చూపించుకుంటూనే ఉన్నాడండీ, ఎప్పుడూ అశ్రద్ధ చేయలేదు" అని ఆయన భార్య అన్నది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆయన దృష్టిలో చూపించుకోవడమే వైద్యం. ఆ అభిప్రాయాన్ని ఆయనకు కలిగించినది మనమే, మన ఫ్లెక్సీలే. వాటి మీద రాసేది 'ఉచిత వైద్య శిబిరం' అనే గదా! ఆ చీటీలలో ఒక్కటి మాత్రతో ముడిపడి ఉన్నా ఆయన మళ్లీ తాపీ పట్టుకునేవాడేమో.

జబ్బులను ముందుగా పసిగట్టే కార్యక్రమాలు ఎలా ఉండాలన్న దాని మీద విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు వైద్యులు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1968లో కొన్ని సూత్రాలు రాశారు. నేటికీ వైద్య విద్యార్థులు చదువుకొనేవే. పట్టుకున్న జబ్బుకు అంగీకృతమైన చికిత్స ఉండాలి, ఆ చికిత్స అందించే వసతి అందుబాటులో ఉండాలి, వెతకడం ఒక్కసారితో ముగిసే పని కాక నిరంతరంగా సాగాలి. ఈ మూడింటితో మన ఆదివారపు శిబిరాన్ని తూచి చూడండి. చికిత్స ఉంది గాని బల్ల మీద లేదు. వసతి ఉంది గాని దాని చిరునామా చీటీ మీద లేదు. ఇక నిరంతరం అన్న మాటకు వస్తే, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా షామియానా విప్పేస్తారు.

"ఏమీ లేనిదానికంటే ఎంతో కొంత నయం కదా" అని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. సహజమే. ఆ ప్రశ్నకు నా అభిప్రాయం కంటే మంచి సమాధానం ఉంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 52 క్షౌరశాలలలో, అక్కడికి వచ్చే నల్లజాతి పురుషులు 319 మందితో ఒక పరీక్ష జరిపి 2018లో ఫలితాలు ప్రకటించారు. అందరికీ అధిక రక్తపోటు ఉంది. కొన్ని షాపులలో క్షురకులు ఉప్పు తగ్గించుకోమని, వైద్యుని కలవమని ప్రోత్సహించారు. మరికొన్నింటిలో శిక్షణ పొందిన ఫార్మసిస్టు ఆ షాపుకే వచ్చి, వైద్యుల అంగీకారంతో అక్కడే మందులు రాసి, అక్కడే మార్చి, అక్కడే మళ్లీ కొలిచాడు. ఆరు నెలల తర్వాత మొదటి వర్గంలో పై అంకె సుమారు 9 తగ్గింది. రెండవ వర్గంలో 27 తగ్గింది. అదే క్షౌరశాల, అదే కుర్చీ, అదే జబ్బు. తేడా ఎక్కడ వచ్చిందో వేరే చెప్పాలా?

అంత దూరం ఎందుకంటారా? బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక గ్రామాలలో మన ఆశా కార్యకర్తల వంటి ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలే మూడు నెలలకొకసారి ఇంటికి వెళ్లి కొలిచి, సలహా చెప్పి, అవసరమైనవారిని శిక్షణ పొందిన వైద్యుల దగ్గరకు పంపేలా ఏర్పాటు చేశారు. రెండేళ్లలో మామూలు సేవలు అందుకున్నవారికంటే వీరిలో పై అంకె అయిదు అదనంగా తగ్గింది. ఆ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. అయిదేనా అనకండి. ఒక ఊరి సగటు అయిదు తగ్గడమంటే ఆ ఊరిలో కొన్ని మంచాలు ఖాళీగా మిగలడం.

మన దగ్గర పునాది లేదా అంటే, ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులు కలిసి 2017లో ప్రారంభించిన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమంలో గొప్ప ఆవిష్కరణ ఏదీ లేదు. అందరికీ ఒకే సరళమైన చికిత్సా క్రమం, తెగిపోని మందుల సరఫరా, వైద్యునితోపాటు నర్సుకూ కార్యకర్తకూ బాధ్యత, మాత్రలు ఇంటికి దగ్గరలో, ఎవరు రాలేదో తెలిపే రికార్డు. ఆ చివరి అంశమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. వచ్చినవారిని లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. రానివారిని లెక్కపెట్టడమే దీర్ఘవ్యాధుల వైద్యం. ఉపకేంద్రాలు, బస్తీ దవాఖానాలు, ఏ.ఎన్.ఎం.లు, ఆశాలు, ఇంత యంత్రాంగం ఉండగా, మన శిబిరాల నిర్వాహకులు ఒక్కసారైనా ఆ చీటీల జాబితాను తీసుకెళ్లి ఏ.ఎన్.ఎం. చేతికి ఇచ్చిన దాఖలా నేను చూడలేదు.

ప్రభుత్వ యంత్రాంగం నిర్దోషి అని నా భావం కాదు. మూడు నెలలు ఒక రంగు మాత్ర ఇచ్చి, నాలుగవ నెల "స్టాకు రాలేదమ్మా" అంటే, కూలి మానుకొని వచ్చిన మనిషి అయిదవ నెల రాడు. అందుకు ఆ మనిషిని నిందించడం అన్యాయం. ఇక ఉచితంగా కొలిచి ఫోన్ నంబరు తీసుకొని, మరునాటి నుండి గుండె పరీక్షల ప్యాకేజీ గురించి ఫోన్లు చేసే శిబిరాలు మరొక రకం. వాటిని వ్యాపారం అనవచ్చు, కనీసం వారికి తమ లక్ష్యమేమిటో తెలుసు.

మీ వంతు కూడా కొంత ఉంది, దానిని వదిలిపెట్టను. 'మాత్ర మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలి' అని వాయిదా వేస్తున్నవారు మీలో ఉన్నారు. అవును, చాలామంది వేసుకోవాలి. కళ్లజోడు కూడా జీవితాంతం పెట్టుకుంటారు, దానికి అలవాటు పడతామేమోనని ఎవరూ గుడ్డిగా తిరగరు. 'నాకేమీ బాధ లేదు' అంటారు. ఈ జబ్బు స్వభావమే అది. తలతిరుగుడు, తలనొప్పి వచ్చినప్పుడే మాత్ర వేసుకుంటానంటే, కొందరికి తొలి లక్షణం పక్షవాతమే. ఉప్పు విషయం మరొకసారి విపులంగా రాస్తాను. రోజుకు 5 గ్రాములు దాటరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పు కలిపిన మజ్జిగ ఒకే పూట ఉన్న భోజనంలో ఆ అయిదు ఎప్పుడో దాటిపోతుంది. సైంధవ లవణం వాడుతున్నామని నిశ్చింతగా ఉండకండి, అది కూడా సోడియం క్లోరైడే.

శిబిరాలు మానేయమంటున్నానా? కాదు. ఏడాదికి ఒక పెద్ద శిబిరానికి పెట్టే ఖర్చుతో పన్నెండు చిన్నవి జరపండి. ప్రతి నెలా మొదటి ఆదివారం, అదే గుడి అరుగు లేదా అదే పంచాయతీ గది, అదే వేళ. మైకు, పూలదండలు వద్దు. పరీక్షించి ధ్రువీకరించిన యంత్రాలు రెండు, మూడు కొలతల కఫ్‌లు, వీపు ఆనే కుర్చీలు నాలుగు, ఒక గట్టి అట్ట రిజిస్టరు చాలు. ప్రతివారినీ అయిదు నిమిషాలు కూర్చోబెట్టి రెండుసార్లు కొలవండి. మాత్ర వాడుతున్నారా అని మొదటే అడిగి రాయండి. 140/90 లేదా అంతకు మించి ఉన్నవారిని వారం పది రోజులలో మళ్లీ కొలిపించి, అప్పుడూ అలాగే ఉంటే ఉపకేంద్రానికి చేర్చే పూచీ పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. 180/110 దాటితే ఆ పూటే వైద్యుని దగ్గరకు తోడు వెళ్లండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడడం, చేయి కాలు చచ్చుబడడం ఉంటే 108కి ఫోన్ చేయండి, కొలతల కోసం ఆగవద్దు. మరుసటి నెల రిజిస్టరు తెరిచి, క్రిందటి నెల వచ్చి ఈ నెల రానివారి ఇంటికి ఒకరు నడిచి వెళ్లండి. సంవత్సరం చివర పత్రికకు ఇచ్చే అంకె 'ఎంతమందికి కొలిచాం' అన్నది కాకూడదు. నిరుడు ఎక్కువ ఉన్నవారిలో ఈ ఏడు ఎంతమందికి 140/90 లోపుకు వచ్చింది అన్నది రాయండి. ఆ అంకె చిన్నదిగా ఉంటుంది, ఉండనివ్వండి.

దీనికి శాలువాలు కప్పించుకునే అవకాశం తక్కువ. అందుకే ఎవరూ ముందుకు రారని నాకు తెలుసు. అయితే చందా ఇచ్చేది మీరు. ఈసారి రసీదు పుస్తకంతో మీ గుమ్మంలోకి వచ్చినవారిని రెండు ప్రశ్నలు అడగండి: పోయినసారి కొలిచినవారి జాబితా ఎక్కడ ఉంది? వారిలో ఎంతమంది ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు? సమాధానం ఉంటే అడిగినదానికి రెట్టింపు ఇవ్వండి. లేకపోతే ఆ డబ్బుతో పెద్ద కొలత కఫ్ ఒకటి కొని మీ ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం.కు స్వయంగా అందించి రండి. అక్కడ ఉన్నదాని అంటుపట్టీ చాలావరకు ఊడిపోయి, ఆమె దానిని వేళ్లతో నొక్కిపట్టి కొలుస్తూ ఉంటుంది.